తెర కొక్కేలు

మా కాలేజీకి నూరేళ్ల పండగ. ప్రిన్సిపాల్‌గా నేను మాట్లాడుతుంటే ముందు వరుసలో మా అమ్మమ్మ హాయిగా కళ్లు మూసుకుంది. ఎవరు మాట్లాడినా అంతే. ఇంట్లో అందరం ఆవిణ్ణి కునుకమ్మ అని ఏడిపిస్తాం. కానీ ఇక్కడ చదివినవాళ్లలో అందరికంటే పెద్దావిడని పిలిచి కూర్చోబెడితే, ఇవాళ కూడానా? నాకు ఒళ్లు మండింది.

తర్వాత అతిథులకి పాత క్లాసుగది చూపించాను. "ఈ కొక్కేలకి తెర వేలాడేది. మా అమ్మమ్మలాంటి పెద్దింటి పిల్లలు మగ మేష్టారి కంటబడకుండా, కాలేజీ పెట్టిన మిషన్ దొరసానమ్మ చేసిన ఏర్పాటు."

"మగ మేష్టారెవరే? పాఠం దొరసానమ్మే చెప్పేది," అంది చేతికర్రతో వెనకే వచ్చిన అమ్మమ్మ. "తెర కట్టింది పెద్దింటి పిల్లలకీ, మిషన్ అనాథాశ్రమం పిల్లలకీ మధ్య. కట్టకపోతే తమ పిల్లల్ని పంపేది లేదని పెద్దిళ్లవాళ్లు మొండికేశారు."

అతిథులు మొహమొహాలు చూసుకున్నారు. నేను మొహాన నవ్వు పులుముకుని, "అయ్యో, మరి అనాథాశ్రమం పిల్లలకి బోర్డు కనపడేదా అమ్మమ్మా?" అన్నాను.

"ఎక్కడే? బోర్డు తెరకి అటువైపు ఉండేది. అందుకే మేం కళ్లు మూసుకుని వినేవాళ్లం."