పిల్లల గది

బంగళాలో ఎంత లెక్కపెట్టినా పది గదులే ఉన్నాయి. ఆవిడ చేతిలోని పాత నక్షాలో పదకొండు.

“దొరగారు గదిని కూడా మింగేశారేమోనమ్మా,” అన్నాడు మేస్త్రి. ఆవిడ నవ్వలేదు.

ఆ దొర ఆవిడ ముత్తాత, వంతెనలు కట్టిన ఇంజనీరు. ఆయన కూతుళ్లిద్దరూ వారం తేడాలో విషజ్వరంతో పోయారు. ఆ నెలలోనే దొరసాని కనిపించకుండా పోయింది. ఓడెక్కి పుట్టింటికి వెళ్లిందని ఆయన చెప్పుకున్నాడు. దూరదేశంలో చదువుకుంటున్న కొడుకొక్కడే మిగిలాడు. ఈవిడ అతని మనవరాలు.

ఊరు మాత్రం ఆ ఓడ కథ నమ్మలేదు. ఇన్నేళ్లయినా ఆయన్ని ‘పెళ్లాన్ని మింగిన దొర’ అనే అంటోంది. చిన్నప్పటినుంచీ ఆయన ఫొటోకి దండం పెట్టి పెరిగిన మనిషి ఈవిడ. ఆ మాట అబద్ధమని తేల్చుకుపోదామనే వచ్చింది.

నాలుగు రోజులు కాళ్లరిగేలా తిరిగింది. శ్మశానం రిజిస్టరులో పిల్లలిద్దరి పేర్లూ ఉన్నాయి, తల్లిది లేదు. ఓడ ప్రయాణికుల జాబితాలోనూ లేదు. రికార్డుల గుమాస్తా మొహమాటపడుతూనే ఇంకో కాగితం తీశాడు. ఆ నెలలో బంగళాకి మరమ్మతులట, ఇటుకా సున్నం వరండాలోనే పడున్నాయట. జ్వరానికి జడిసి నౌకర్లంతా పారిపోయారట. ఇంట్లో మిగిలింది మొగుడూ పెళ్లామే.

సోమవారం బంగళా కూల్చేస్తున్నారు. అందుకే కూల్చడానికొచ్చిన మేస్త్రినే బతిమాలి తెచ్చుకుంది.

నక్షాలో పిల్లల గది తలుపు ఉన్నచోట ఇప్పుడు నున్నటి గోడ ఉంది. మేస్త్రి పైపూత చెక్కాడు. గుమ్మం మేర ఇటుకలు బయటపడ్డాయి.

“కొట్టమంటారా? తర్వాత నన్ననకూడదు.”

వెనక్కి వెళ్లిపోతే ముత్తాత ఎప్పటికీ అనుమానంగానే మిగిలిపోతాడు. కొట్టమంది.

నాలుగిటుకలు ఊడగానే చల్లటి, ముక్కిపోయిన గాలి మొహానికి తగిలింది. టార్చి వేసి చూసింది. రెండు చిన్న మంచాలు. మధ్యలో నేలమీద మాసిన గౌను, పొడవాటి జుట్టు.

ఆవిడ అక్కడే కూలబడింది. “ఊరన్నదే నిజం మేస్త్రీ. చంపి గోడ కట్టేశాడు. ఈ నెత్తురేనా నాది?” అని ఏడ్చింది.

మేస్త్రి ఓదార్చలేదు. అతని చెయ్యి ఇటుకల మీద నడుస్తోంది. ఇటుకల సందుల్లోంచి సున్నం బయటికి పొంగి, పొంగినట్టే గడ్డకట్టి ఉంది. దాన్ని ఎవరూ తుడవలేదు. అతను కన్నంలోంచి చెయ్యి మోచేతిదాకా దూర్చి, గోడ అవతలి వైపు తడిమి చూశాడు. చురుక్కుమన్నట్టు చెయ్యి లాగేసుకున్నాడు.

“పైపూత తర్వాతెవరో పూశారు. మేం ఎటు నిలబడి కడితే అటే సున్నం తుడుచుకుంటామమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి. “ఇది లోపలివైపు తుడిచి ఉంది.”

ఆవిడకి అర్థం కాలేదు.

“ఈ గోడని లోపలి నుంచి కట్టారమ్మా.”