భర్త సీట్లో మనిషి

పాట పాడటానికి డేల్ తెర వెనక్కి వెళ్ళాడో లేదో, అతని సీట్లో ఒకామె వచ్చి కూర్చుంది.

బ్రిన్లీ ఉలిక్కిపడింది.

"కంగారుపడకు తల్లీ. టీవీలో ఖాళీ సీటు కనబడకూడదట. అందుకే మాలాంటి వాళ్ళని పెట్టుకుంటారు. మీ ఆయన రాగానే లేచిపోతాను" అందామె. యాభైకి దగ్గర్లో ఉంటుంది. నల్ల గౌను, నెరిసిన జుట్టు, కనుబొమ్మ మీద పాత గాయం మచ్చ.

నాష్‌విల్‌లో ఏటా జరిగే అమెరికా పల్లె బాణీ 'కంట్రీ' సంగీతం అవార్డుల పండగకి రావడం బ్రిన్లీకి ఇదే మొదలు. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ముందు వరసలో, అన్ని కెమెరాల మధ్య, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియడం లేదు.

"ఈసారి అవార్డు మీ ఆయన పాటకే అంటున్నారుగా?"

"అంటున్నారండీ. కానీ అది వింటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మొదటావిడ మీద రాసిన పాట."

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేనిది, ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర బ్రిన్లీ నోట వచ్చేసింది.

"ఆవిడ పేరు మేవిస్. వానలో వంతెన మీద కాలు జారి నదిలో పడిపోయిందట. శవం కూడా దొరకలేదు. ఇంట్లో ఒక్క ఫోటో ఉంచలేదు, చూస్తే తట్టుకోలేనంటాడు. అయినా ఇల్లంతా ఆవిడేనండీ! చినుకు పడితే చాలు, లైట్లన్నీ వేసుకుని కూర్చుంటాడు. నిద్రలో 'వెళ్ళిపో మేవిస్' అని అరుస్తాడు. మొన్న పెరటి గుమ్మంలో తడి అడుగులు చూసి వణికిపోయాడు. అవి నావే, మొక్కలకి నీళ్ళు పోసి వచ్చాను. ఎంత చెప్పినా నమ్మడే!"

"పాపం" అందామె మెల్లగా.

"పోయినావిడ మీద ఇంత కుళ్ళుకుంటానని అనుకోలేదు. నేను చస్తే నా మీద ఒక్క పాటైనా రాస్తాడా అనిపిస్తుంది."

ఆమె చటుక్కున బ్రిన్లీ మణికట్టు పట్టుకుంది. వేళ్ళు మంచులా ఉన్నాయి.

"అంత మాట అనకు."

"ఇక అవన్నీ పోతాయిలెండి. రేపు నన్ను ఆ నది ఒడ్డునున్న ఇంటికి తీసుకెళ్తున్నాడు. మేమిద్దరమే. చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఆ వంతెన దాటితే భయం వదిలిపోతుందట."

"నీకు ఈత వచ్చా?"

"భలేవారే! స్నానాల తొట్టిలో కూడా గట్టు పట్టుకునే కూర్చుంటాను" బ్రిన్లీ నవ్వింది.

ఆమె నవ్వలేదు.

హాల్లో దీపాలు తగ్గాయి. గిటారుతో డేల్ వెలుగులోకి వచ్చాడు.

"జారింది ఒక్క అడుగే... నా లోకమంతా జారిపోయింది..."

హాలంతా చేతిరుమాళ్ళు బయటికొచ్చాయి. రెండో చరణం ఎత్తుకుంటూ డేల్ భార్య కోసం ముందు వరస వెతికాడు. చూశాడు. చిన్నగా నవ్వాడు. చూపు పక్క సీటు మీదికి జరిగింది.

గొంతు ఆగిపోయింది. వేళ్ళు తీగల మీద బిగుసుకుపోయాయి. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. వెనక్కి ఒక అడుగు వేసి డ్రమ్ములకి తగిలి తూలాడు.

ఎక్కడో చప్పట్లు మొదలయ్యాయి. క్షణంలో హాలంతా లేచి నిలబడింది.

"దుఃఖం ఆపుకోలేకపోతున్నాడు, చూడవే!" వెనక వరసలో ఒకావిడ ముక్కు చీదింది. "ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలి."

బ్రిన్లీ కళ్ళూ నిండాయి.

ఆ హోరులోనే యాంకర్ కవరు చించి డేల్ పేరు చదివింది. అవార్డు తెచ్చి చేతిలో పెట్టింది. అది జారి చెక్కల మీద దొర్లింది. డేల్ వంగి తీసుకోలేదు. చూపు తిప్పలేదు.

పక్క సీట్లో ఆమె లేచింది. గౌను సర్దుకుని బ్రిన్లీ చెవి దగ్గరికి వంగింది.

"నేను కాలు జారి పడ్డానని లోకమంతటికీ పాడి వినిపించాడు గానీ తల్లీ, ఆ వంతెన మీంచి నన్ను తోసింది తనేనని నీకైనా చెప్పాడా?"