రెక్కల గుర్రానికి కొత్త రౌతు

"ఇది నా కథ కాదు, అక్కది! నన్ను ఆ గుర్రం మీంచి దించెయ్యి" అంటూ చిన్నది అమ్మ చేతిలోని కాగితాలు లాక్కోబోయింది.

అమ్మ వాటిని గుండెకి అదుముకుంది. మొదటి రెండు పుస్తకాల్లో రెక్కల గుర్రమెక్కి రాజ్యాలు చుట్టబెట్టింది పెద్దదే. రాసిన ప్రతి పేజీనీ అమ్మ ముందుగా పిల్లలకే చదివేది. పెద్దది చివరిదాకా ఊ కొట్టేది, చిన్నది సగంలోనే గుర్రు పెట్టేది. పోయినేడు జ్వరం పెద్దదాన్ని తీసుకుపోయాక, ఊ కొట్టే దిక్కులేక కథ ఆగిపోయింది.

"మూడో పుస్తకంలో నువ్వే, బంగారూ. అక్క మంచుకొండల అవతలికి వెళ్ళిందని రాశాను."

"ఎందుకలా? అక్కనే ఉంచొచ్చుగా!"

"ఒక్కో పుస్తకానికీ దాన్ని ఒక్కో ఏడు పెంచుతూ వచ్చానా? పన్నెండేళ్ళప్పుడు ముక్కు చిట్లించి నవ్వేది, అలాగే రాశాను." అమ్మ నలిగిన కాగితాల అంచులు సరిచేసింది. "పదమూడేళ్ళకి ఎలా నవ్వుతుందో నేను చూళ్ళేదుగా తల్లీ. ఏమని రాయను?"

చిన్నది పెనుగులాట మానేసింది. అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని, "సరే, చదువు" అంది.

"అనగనగా ఒక రెక్కల గుర్రం. దాని మీద ఒక కొత్త రౌతు..." అలవాటు కొద్దీ అమ్మ అక్కడ ఆగింది.

"ఊఁ" అంది చిన్నది.

అమ్మ తరవాతి వాక్యం అందుకోబోయింది. చిన్నది చప్పున చెయ్యెత్తి అమ్మ నోరు మూసింది.

"ఉండమ్మా. అక్క 'ఊఁ' కూడా ఆ మంచుకొండలు దాటి రావద్దూ?"