నొప్పి పుట్టిన చోటు

"నొప్పి ఎప్పుడు మొదలైందమ్మా?" డాక్టరు తలెత్తకుండా కన్నడంలో అడిగాడు.

"మొన్న ఆదివారం సార్. సంగటి గెలుకుతా ఉంటే తెడ్డు చేతిలోంచి జారిపోయింది" అంది రేణుక.

డాక్టరు కాగితం మీద పెన్ను పెట్టాడు.

"రాయొద్దు సార్. ఈ పాప అబద్ధం చెప్తుండాది."

రేణుక ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

ఫ్యాక్టరీ కార్మికుల ఆసుపత్రి వరుసలో తన వెనకే నిలబడిన ముసలామె. పొద్దున్నుంచీ ఒకటే ఆరా. ఏ ఊరు, ఏ కంపెనీ, ఏం పని, ఎన్నేళ్ళయింది. తన పేరు గౌరమ్మ అని అడక్కుండానే చెప్పింది. రేణుక ముక్తసరిగా జవాబులిచ్చి, ఫోన్‌లోకి తల దించేసుకుంది.

ఎవరితోనైనా రేణుక అంతే. మడకశిర దగ్గరి పల్లె నుంచి వచ్చి బెంగళూరు పక్కన హెబ్బగోడిలో గది తీసుకుని ఆరేళ్ళయింది. కలిసి ఉన్న హేమలత పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక ఆ గదిలోకి ఇంకెవరూ రాలేదు. ఒక్క మనిషికి సంగటి చేయడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. పిండి మరీ తక్కువైతే తెడ్డుకు అందదు. అందుకని రెండు ముద్దలు చేసి, రెండోది మర్నాడు మజ్జిగలో పిసుక్కుని తాగేది.

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెది కాలర్ల పని. కుట్టిన కాలరును లోపలి నుంచి బయటికి తిప్పి, మూలలను బొటనవేలితో పొడిచి నిలబెట్టాలి. గంటకు నూటయాభై.

ఇప్పుడా బొటనవేలు వంగడం లేదు. పళ్ళు తోముకోవడానికి కూడా ఎడమచెయ్యే దిక్కు.

సూపర్వైజర్ పునీత్ మెత్తగానే చెప్పాడు. పనివల్ల వచ్చిందని డాక్టరు రాసిస్తే సెలవూ, పరిహారమూ వస్తాయట. ఇంట్లో తెచ్చుకున్న నొప్పి అయితే కంపెనీకి సంబంధం లేదట. సోమవారం నుంచి ఆమె చోట ఇంకొకరు కూర్చుంటారట.

ఆ కాగితం కోసం వస్తే, ముక్కూ మొహమూ తెలియని మనిషి అందరి ముందూ అబద్ధాలకోరును చేసింది. రేణుకకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాకేం అవసరం అబద్ధం చెప్పడానికి? తెడ్డు జారింది నిజం."

"జారింది నిజమేలే. నొప్పి ఆ పొద్దే పుట్టిందా?" అంది గౌరమ్మ. "కాలరు ఎట్లా తిప్పుతావో సార్‌కు చూపించు."

"ఇక్కడ కాలర్లు యాడుండాయి?"

"గుడ్డ లేకపోతే నీ చేతులకు తెలీదా ఏం. తిప్పు."

గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. ఇంకెవరో తమ వంతు ఎప్పుడని విసుక్కున్నారు.

ఈ గొడవ తొందరగా తెగితే చాలని రేణుక చేతులు ఎత్తింది. గాల్లోనే పట్టింది, మణికట్టు తిప్పింది, బొటనవేలితో పొడిచింది. మళ్ళీ పట్టింది. నాలుగోసారికి వేలు అట్లాగే బిగుసుకుపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డాక్టరు పెన్ను పక్కన పెట్టి, మొదటిసారి ఆమె వంక చూశాడు. చెయ్యి అందుకుని వేలి మొదట్లో నొక్కాడు.

"ఇలా రోజుకు ఎన్ని?"

"పన్నెండు వందలు సార్."

"తిమ్మిరి ఎక్కుతుందా?"

"రెండేళ్ళ నుంచి ఎక్కుతుండాది. పని చేసేవాళ్ళకు అది మామూలే కదా సార్."

డాక్టరు చాలాసేపు రాశాడు. పెద్దాసుపత్రిలో, పరిహారం సంగతి తేల్చే బోర్డు డాక్టర్లకు చూపించుకోమన్నాడు. కాగితం మాత్రం పోగొట్టుకోవద్దని రెండుసార్లు చెప్పాడు.

రేణుక గేటు దాటుతుంటే గౌరమ్మ వెనకే వచ్చి కలుసుకుంది.

"కోపమొచ్చిందా పాపా? రా, టీ తాగి పోదువు. పొద్దున్నుంచి ఏమీ తినినట్టు లేవు."

"మీ పని మీరు చూసుకోండవ్వా" అనేసి, రేణుక వెనక్కి చూడకుండా బస్సెక్కింది.

మూడు నెలలకు బోర్డు ఒప్పుకుంది. ఆమె వేలు పోయింది కాలర్ల వల్లనేనని తేల్చారు. పరిహారం మంజూరైంది. ఫ్యాక్టరీలో వేలితో పనిలేని చోటికి మార్చారు.

ఆ కబురు ఎవరికి చెప్పుకోవాలో రేణుకకు తోచలేదు. ఫోన్‌లో పేర్లన్నీ చివరిదాకా జరిపి చూసింది. ఒక్కరికీ మొదటి నుంచీ చెప్పే ఓపిక లేకపోయింది.

మొదటి నుంచీ తెలిసిన మనిషి ఒక్కతే.

ఎముకల డాక్టరు వచ్చేది మంగళవారాల్లోనే. ఆ రోజు సెలవు పెట్టి ఆసుపత్రికి పోయింది. వరుస ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచింది. గౌరమ్మ లేదు.

చీటీలిచ్చే వెంకటేశప్పను అడిగింది.

"గౌరమ్మా? పోయిన నెల కాలం చేసిందమ్మా. జ్వరమన్నారు. మూడు రోజులే."

రేణుక పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయింది. గౌరమ్మకు ఏం జబ్బుండేది, ఏ డాక్టరు చూసేవాడు అని అడిగింది.

వెంకటేశప్ప చీటీలు చించడం ఆపాడు.

"ఆయమ్మకు ఫ్యాక్టరీ వాళ్ళకిచ్చే ఆసుపత్రి కార్డే లేదు కదమ్మా, డాక్టరు యాడ చూస్తాడు? ఫ్యాక్టరీలో చెయ్యి పోతే, ఇంట్లో పోయిందని తన నోటితోనే చెప్పుకుంది. అట్లనే రాసేసినారు. పనీ పోయింది, కార్డూ పోయింది. అప్పటినుంచి పదకొండేళ్ళు, ప్రతి మంగళవారం పొద్దున్నే ఇక్కడికొచ్చి, చెయ్యి పట్టుకుని ఎవరొస్తారా అని చూసి, వాళ్ళ వెనకాల పోయి నిలబడేది."