ఏసీ లేని గది

"మా సంధ్యకు పరీక్ష ఉన్నది. జర సాంచెలు బంద్ పెట్టుండ్రి."

సంధ్య తండ్రి దశరథం ఇంటింటికీ తిరిగి బతిమాలితే సూరత్‌లోని బమ్రోలి గల్లీలో మరమగ్గాలన్నీ ఆగాయి.

కరోనా రోజులు. సంధ్య పీహెచ్‌డీ వైవా కూడా ల్యాప్‌టాప్‌లోనే. ఎవరైనా చేరొచ్చు, ఏమైనా అడగొచ్చు. ఇది గట్టెక్కితేనే ఆమె డాక్టర్ సంధ్య.

"క్రోమియం ఆక్సైడ్ స్ఫటికంలో బుల్లి అయస్కాంతాలుంటాయి," అని మొదలుపెట్టింది. "వేడిగా ఉంటే తలో దిక్కు చూస్తాయి. అప్పుడు మా మెషీన్‌కు సిగ్నల్ అందుతుంది. ముప్పై నాలుగు డిగ్రీల కిందికి దిగితే ఒకటి పైకి, ఒకటి కిందికి బుద్ధిగా వరస కడతాయి. సిగ్నల్ మాయం. ఠక్కున పోతుందని పాత పరిశోధన పేపరు అంటుంది. అది తప్పు. మెల్లగా వెడల్పవుతూ పోతుంది."

"ఠక్కుననే పోతది," అందో గొంతు.

తెర మీద మొహం లేదు. బ్రహ్మచారి అన్న పేరొక్కటే ఉంది.

"తెలుగు పిల్లవే గదా, తెలుగులనే అడుగుత. నీ మెషీన్ ఖరాబైందేమో?"

"వేరే మెషీన్ మీద కూడా చూశాను సార్."

"స్ఫటికం మంచిది కాదేమో?"

"మార్చి చూశాను."

"మరి ఇన్నేండ్లు ఎవ్వలికి ఎందుకు కనవడలే?"

సంధ్యకు ఒళ్లు మండింది.

"అందరూ ఏసీ గదిలో కొలిచారు సార్. అక్కడ స్ఫటికం గబగబా చల్లారిపోతుంది, నడుమ జరిగేది అందదు. కరోనా అని మా ల్యాబులో ఏసీ ఆపించారు. సూరత్ మే నెల ఎండకు గదే కాగింది. సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా చల్లారింది, స్ఫటికం కూడా దాంతోపాటే. ఆ పేపరు రాసినాయన ఒక్కసారి ఏసీ ఆపి చూసుంటే తెలిసేది."

"ఒప్పుకుంటున్న బిడ్డా," అంది ఆ గొంతు.

పరీక్షకులు నవ్వారు. "మేం అడగాలనుకున్నవన్నీ ఆయనే అడిగేశారు. మీరు జవాబులూ చెప్పేశారు. అభినందనలు, డాక్టర్ సంధ్యా."

దశరథం గల్లీలోకి ఉరికాడు. "పాసైంది! ఇగ నడుపుండ్రి!"

మగ్గాలన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి. సంధ్యకు ఆనందం పట్టలేక ఏడుపొచ్చింది.

ఆ పెద్దాయనకు దండం పెడదామని తెర వైపు చూసింది. ఆ పేరు అప్పటికే లేదు.

గైడు ఉమాకాంత్‌కు ఫోన్ చేసింది. "ఎవరు సార్ ఆయన? అంత సతాయించారు."

"పేరు కాకుండా ఇంటిపేరే వేసుకున్నారు గానీ, ఆ పాత పేపరు ఆయనదేనమ్మా."