చెవుల పందెం

“వెనక్కి తిరగబాకండి! తిరిగినోళ్ళు ఓడిపోయినట్టే!” అని రెబెక్కమ్మ అరిచింది.

మిల్లుల రైలు లైను పక్కన పేర్చిన పాత స్లీపరు దుంగల మీద పెంచలయ్య, అల్లాబక్షు పట్టాలకు వీపు పెట్టి కూర్చున్నారు. వాళ్ళకు ఎదురుగా ఉడకబెట్టిన శెనక్కాయల గంప చంకన పెట్టుకుని రెబెక్కమ్మ నిలబడి ఉంది. పట్టాలు కనబడేది ఆమె ఒక్కదానికే. తీర్పు చెప్పేదీ ఆమే.

నెల్లూరు గూడ్సు యార్డుకూ బియ్యం మిల్లులకూ మధ్య వ్యాగన్లు లాగే బుల్లి ఇంజన్లు మూడే మూడు. నంబర్లు రైల్వేవాళ్ళు వేశారు. పొట్టిది, కుంటిది, రంకెది అని పేర్లు మాత్రం వీళ్ళిద్దరూ పెట్టారు. వాటిని చూడ్డానికి ఆదివారం వచ్చిందంటే పెంచలయ్య కోవూరు నుంచి పెన్న దాటి సైకిలు తొక్కుకుంటూ వస్తాడు. అల్లాబక్షు కుట్టుమిషను మీద గుడ్డ కప్పి వస్తాడు. ఎనిమిదేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు గానీ పెంచలయ్య కాలు ఏనాడూ ఇంజను మెట్టు మీద పడలేదు.

ఆ పొద్దున డ్యూటీకి నడిచిపోతూ డ్రైవరు మస్తానయ్య వీళ్ళ దగ్గర ఆగి ఒక మాట అన్నాడు.

“ఈ పొద్దు ఒకర్ని ఎక్కించుకుంటా. యార్డు దాకా తీసకపోయి మళ్ళా తెచ్చి దింపతా. ఇద్దరొద్దు. పైవాళ్ళు చూస్తే నా నౌకరీ పోద్ది. ఎవరనేది మీరే తేల్చుకోండి.”

వీళ్ళు తేల్చుకోవడమంటే చెవులతో తేల్చుకోవడమే. ఈ పొద్దు మస్తానయ్యకు ఏ ఇంజను ఇచ్చారో, అది వచ్చేటప్పుడు చూడకుండా చెప్పాలి.

చెవుల పందెంలో అల్లాబక్షును గెలవడం అయ్యే పనా! మిషను చప్పుడు విని దారం తెగబోతోందని ముందే చెప్పే మనిషి. అందుకే పెంచలయ్య రెబెక్కమ్మను చాటుకు పిలిచి కుంచెడు కొత్త బియ్యానికి ఒప్పందం చేసుకున్నాడు. పొట్టిదైతే ఆమె ఒక కాయ నోట్లో వేసుకోవాలి. కుంటిదైతే రెండు. రంకెదైతే మూడు.

దూరంగా పట్టాలు అదిరాయి. చుక్కు చుక్కు, చూ... చుక్కు చుక్కు, చూ...

అల్లాబక్షు కళ్ళు మూసుకుని తల ఒక పక్కకు వాల్చాడు. రెబెక్కమ్మ ఒక కాయ నమిలింది. రెండోది నమిలింది. అలవాటు చొప్పున మూడోది కూడా అందుకోబోయి, పెంచలయ్య కళ్ళెర్రజేస్తే గబుక్కున గంపలో పడేసింది.

“ముందు సాయిబు చెప్పాల” అంది.

“రంకెది” అన్నాడు అల్లాబక్షు.

పెంచలయ్య ఉలిక్కిపడ్డాడు. రంకెది మలుపులోనే కూత పెట్టుకుంటూ వస్తుందని పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు.

“కుంటిది!” అని కేకవేశాడు.

“కుంటిదే! పెంచలన్న గెలిచినాడు” అని రెబెక్కమ్మ చప్పట్లు కొట్టింది. “ఏంది సాయిబూ, చెవుల్లో దూది గానీ పెట్టుకోనుండావా?”

“వయసైపోతా ఉండాదక్కా” అని అల్లాబక్షు తల వంచుకున్నాడు.

పెంచలయ్యకు జాలి వేసింది. అది పంచె ఎగ్గట్టుకునేదాకే. ఆ వెంటనే ఇంజను ఎక్కేశాడు.

ఎక్కగానే కొలిమిలో తల పెట్టినట్టయింది. మస్తానయ్య నవ్వుతూ ఎదురొచ్చి చేతిలో పార పెట్టాడు.

“మొదటిసారి ఎక్కినోళ్ళు పొయ్యిలో నాలుగు పారలు బొగ్గెయ్యాలన్నా. ఇంజనుకి అదే మర్యాద.”

మొదటి పార పెంచలయ్య కళ్ళకద్దుకుని వేశాడు. రెండోది హారతి ఇచ్చినట్టు వేశాడు. నాలుగు అయ్యాయి. పార దించబోతే, “ఆవిరి తగ్గతా ఉండాది, ఇంకొంచెం వెయ్యి” అన్నాడు మస్తానయ్య. పద్నాలుగు అయ్యాయి. అంతసేపూ అసలు బొగ్గు వెయ్యాల్సిన ఫైర్‌మన్ మెట్టు మీద కూర్చుని, కాళ్ళూపుకుంటూ బీడీ కాల్చుకుంటున్నాడు. యార్డులో వ్యాగన్లు తగిలించుకున్నాక బరువు పెరిగింది. బరువుతోపాటు పారలూ పెరిగాయి.

గంట తర్వాత కుంటిది స్లీపర్ల పక్కన ఆగింది. పెంచలయ్య దిగాడు. మీసం ఒక కొస కాలిపోయింది. తెల్లపంచె ఏ రంగుదో పోల్చడం కష్టం. నడుము నిలబడటం లేదు.

“ఎట్లుండింది పెంచలన్నా?” అని అల్లాబక్షు ఎదురొచ్చాడు.

పెంచలయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. పార సంగతి చెబితే కోవూరంతా నవ్వుతుంది. అయినా ఈ మర్యాద తనొక్కడికే జరగడం ఏం న్యాయం?

“స్వర్గం సాయిబూ!” అన్నాడు నడుము పట్టుకుని. “రాజా మాదిరి కూర్చోబెట్టినారు. ఆ గాలి, ఆ ఊపు! వచ్చే ఆదివారం పందెం గిందెం ఏమీ వద్దు. నీకోసరం నేను వదులుకుంటా. నువ్వే ఎక్కు.”

అల్లాబక్షు అతని కాలిన మీసం వంక కాసేపు చూశాడు. తర్వాత రెండు అరచేతులూ తెరిచి ముఖం ముందు పెట్టాడు. ఒక్కో చేతిలో నాలుగేసి బొబ్బలు పగిలి తోలు లేచిపోయి ఉన్నాయి.

“మొన్న ఆదివారం నువ్వు నాట్లకని విడవలూరు పోయినప్పుడు నన్నూ ఎక్కించినారన్నా. ఈ పొద్దు ఓడిపోయేదానికి నేను పడిన తిప్పలు నీకేం తెలుసు!”