పెళ్ళి బీరుకు నీళ్ళు

కానా ఊరి పెండ్లిలో నీటిని ద్రాక్షారసముగా మార్చిన ప్రభువా, ఈ చిన్న కథకు నీ కరుణ తోడగుగాక.

జిగ్మస్ తన బావినీటిని పుక్కిట పట్టి, వెంటనే ఉమ్మేశాడు.

చచ్చిన కంపు.

కూతురు ఔద్ర పెళ్ళి దగ్గరపడింది. బిర్జాయ్ పల్లెల్లో పెళ్ళికూతురి తండ్రి సొంత బావినీటితోనే బీరు కాచాలి. పొరుగు బావినీళ్ళు మోస్తే ఊరు నవ్వుతుంది.

"మొలకబార్లీ దంచిపెట్టాను. ఉమ్ముతూ నిలబడ్డావేం?" అంది భార్య బ్రోనే.

"కుళ్ళు కంపే!"

"చచ్చిన పందిని పెరటి వెనక గోతిలో పారెయ్యొద్దన్నానా?"

అక్కడి నేల ఉన్నట్టుండి కుంగి గోతులు పడుతుంటాయి. పనికిరానిదంతా వాటిలోకే.

"ఆ గొయ్యి మా తాతల్నాటి నుంచి అన్నీ మింగుతోంది. ఇదీ మింగుతుందిలే."

మర్నాడు సాయంత్రం, ఎముకలు కొరికే చలిలో, గేటు దగ్గర ఒక ముసలివాడు నిలబడ్డాడు. ఒళ్ళంతా బురద, జిగట, దుర్గంధం.

"బకెట్టు నీళ్ళిస్తే కడుక్కుంటాను తల్లీ."

బ్రోనే తలగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఛీ! పందే నయం నీకన్నా. దూరంగా పో!"

ముసలివాడు నవ్వాడు. "నీళ్ళివ్వకపోతే పోనీలే. బీరు మాత్రం అప్పుడే కాయకండి. మంచి వాన పడనివ్వండి."

"నీకెందుకురా మా బీరు? వాసన పట్టి వచ్చాడు, తాగుబోతు!"

అలా అరుస్తూనే జిగ్మస్ కుక్కను ఉసిగొలిపాడు. ముసలివాడు ఆ చలిలో అలాగే తడబడుతూ వెళ్ళిపోయాడు. అతడు నిలిచిన చోట బ్రోనే బూడిద చల్లింది.

వానలు పడ్డాయి. కంపు విరిగింది. నీరు తేటపడింది.

"చూశావా? నా బావి తనను తానే కడుక్కుంది!" అన్నాడు జిగ్మస్.

పెళ్ళినాడు బీరు తేనెరంగులో నురగలెత్తింది. మొదటి కప్పు పెళ్ళికొడుకు ఇంటి పెద్దకే, అంటే అతని తాతకే. ఆయన నేలకు నాలుగు చుక్కలు వదిలి తాగాకే మిగతావారు తాగాలి. ఆ పెద్దాయనతో జిగ్మస్‌కు ఇంకా పరిచయం కాలేదు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

"తాతగారేరి అల్లుడూ?"

పెళ్ళికొడుకు తౌత్విదస్ ఖాళీ కుర్చీకేసి చూశాడు. "మంచం మీద ఉన్నారు మామయ్యగారూ. ఇక లేవరంటున్నారు. మొదటి కప్పు నన్నే తాగమన్నారు."

"అయ్యో! ఏమైంది?"

"పెళ్ళి బీరు కదా, మీ బావినీళ్ళు రుచి చూసొస్తానని బయల్దేరారు. దారిలో ఏదో గోతిలో కుళ్ళిన పంది కనిపించిందట. ఆ కుళ్ళు ఎవరి బావిలోకి దిగుతుందోనని, తాడు కట్టుకుని దిగి, దాన్ని పైకి లాగి వేరేచోట పూడ్చారు. కడుక్కోవడానికి ఒక ఇంట్లో నీళ్ళడిగితే కుక్కను వదిలారట. ఆ తడి బురదతోనే చలిలో ఇల్లు చేరి మంచం పట్టారు. ఆ ఇల్లేదో ఎంత అడిగినా చెప్పలేదు."

బ్రోనే చేతిలోని కూజా వంగి, బీరు నేలపాలైంది.

"ఛీ! అలాంటివాళ్ళ ఇంట పచ్చినీళ్ళు కూడా ముట్టకూడదు మామయ్యగారూ," అంటూ తౌత్విదస్ నేలకు నాలుగు చుక్కలు వదిలి, తాతగారి కప్పు ఎత్తి తాగాడు.

ఈ కథ విన్నవారి బావులు తేటగా ఉండుగాక. నీళ్ళడిగినవారెవ్వరూ వారి గుమ్మం నుండి దాహంతో, మురికితో మరలకుందురుగాక. ఆమేన్.